రంగం నుంచి వచ్చిన ఇంగ్లీషు కాయితం

సూది కోసమని పెట్టె తెరిచావు, బానే ఉంది. ఆ కాయితం ఎందుకు తీశావే లోవా? మడత విప్పకు, చిరిగిపోద్ది. ఏంటీ, ఇంగ్లీషు ముక్కలంటావా? నాకు తెలీదనుకున్నావా? నలభై ఏళ్ళు దాటింది అది నా పెట్టెలో పడి. దొరసాని బళ్ళో నాలుగు ముక్కలు నేర్చుకోగానే ఇంగ్లీషు ఎక్కడ కనపడితే అక్కడ కళ్ళు పెట్టేయడమేనా? కూచో ఇలా. దాన్ని చదివిన మనిషి ఒకత్తి ఉండేది, జ్ఞానమ్మని. ఆ పిల్ల సంగతి చెబుతాను, కాయితం మాత్రం ఒళ్ళో పెట్టుకో.

ఊరవతల కిరస్తానీల పేటలో లేసులల్లే ఏసమ్మ ఉండేది, ఆవిడ కూతురు. నరసాపురంలో దొరసాని దగ్గర అల్లికకని వెళ్ళి ఇంగ్లీషు కూడా పట్టేసింది. ఊరు మొత్తానికి ఆ పిల్లకే వచ్చు. అప్పుడు ఇంగ్లీషంటే ఎంత హడలనుకున్నావ్! మంచి కబురైతే తెలుగులో వచ్చేది. ఇంగ్లీషులో వచ్చిందంటే కోర్టో, జప్తో, ఎవరో పోయారనో. కాయితం వాకిట్లో నేలమీద పెట్టి, గాలికి పోకుండా రాయి పెట్టి, మేం దూరంగా జరిగేవాళ్ళం. ఆ పిల్ల వంగి తీసుకుని చదివేది. వెళ్ళాక పసుపునీళ్ళు చల్లేవాళ్ళు. ఓసారి పల్లంరాజు గారింట్లో "అబ్బాయిగారు జైల్లో ఉన్నారటండి" అని చదివింది. "నీ నోట్లో మన్ను పడ! నువ్వు చదవబట్టే వాడికి ఈ గతి పట్టింది" అని ఆయన చెప్పు విసిరాడు. ఇంక అప్పట్నుంచి ఆ పిల్ల వీధిలోకొస్తే తలుపులేసుకోవడమే. నేనూ వేసుకున్నాను, అబద్ధమెందుకు.

మీ తాత రంగం వెళ్ళాడు, అదేనే, రంగూను. బియ్యం మిల్లులో పని. ఉత్తరం రాయిస్తే తెలుగులోనే రాయించేవాడు. మూణ్ణెల్లు ఉలుకూ పలుకూ లేదు, ఓనాడు ఇదిగో ఈ కాయితం ఊడిపడింది. మీ నాన్న నా కడుపులో ఉన్నాడు, ఏడో నెల. మా అత్త దాన్ని చేత్తో ముట్టలేదు, చేటలోకి తోసి తీసుకెళ్ళి గాదె కింద పెట్టింది. "చదివించావో, చంపేస్తాను. చదవనంతకాలం నా కొడుకు బతికే ఉంటాడు" అంది. నాలుగు రోజులు ముద్ద దిగలేదే నాకు. నా గాజులు చప్పుడైతే నేనే ఉలిక్కిపడేదాన్ని. ఐదో నాడు అత్త మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, కొంగులో దాచుకుని కాలవ గట్టు మీంచి పేటకెళ్ళాను.

జ్ఞానమ్మ అరుగు మీద లేసు అల్లుకుంటోంది. నన్ను చూసి గభాల్న లేచి, "కింద పెట్టండమ్మా, తీసుకుంటాను" అంది. నేను చేతికే ఇచ్చేశాను. పెదాలు కదుపుతూ చదివింది, పైకి కాదు. చదివి నా మొహంకేసి చూళ్ళేదు. నా గాజులకేసి చూసింది, చాలాసేపు. తరవాత పొట్టకేసి. "అయ్యగారు బానే ఉన్నారటమ్మా. పని ఎక్కువట, రాయించే తీరిక లేదట" అంది. అంతేనా అన్నాను. అంతేనమ్మా అంది. ఒట్టెయ్యవే అన్నాను. "మా వాళ్ళు ఒట్లు వెయ్యకూడదమ్మా" అంది. అత్తకి చెబితే ఎంత ఏడ్చిందో! ఏడుస్తూనే, జ్ఞానమ్మకి చేటెడు బియ్యం పంపమంది. ఆ పిల్ల పుచ్చుకోలేదట.

మరుసటేడు జ్ఞానమ్మ వాంతిభేదుల్లో పోయింది. చిన్న వయసే, పాపం.

రంగం నుంచి వచ్చినవాళ్ళని అడగలేదా అంటావా? లేదు. వాళ్ళు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. తరవాత్తరవాత ఇంగ్లీషు గుమాస్తాలూ ప్లీడర్లూ వీధికొకళ్ళు దిగారు. ఒక్కళ్ళకీ చూపించలేదు. భయమేనే, ఏం చెప్పమంటావు! ఈ బొట్టూ ఈ గాజులూ ఆ పిల్ల మాటమీద నిలబడ్డవి. మా అత్త కూడా కొడుకొస్తాడనే కళ్ళు మూసింది.

ఏంటే, ఊఁ కొట్టడం మానేశావు? లోవా? విప్పావా? విప్పొద్దన్నానా, నీ చేతులు పడ! చదివేశావూ? చెప్పకు. నేను అడగట్లేదు, నువ్వు చెప్పకు. ఏదీ, ఇటు చూడు. నా మొహంకేసి చూడవేం? గాజులకేసి చూస్తావేంటే అలాగ...

సర్లే. సూది దొరికిందా? ఇలా తే, దారం ఎక్కిస్తాను.