మర్యం చేతికి పానా

"పెద్దబాపూ, మా కంపెనీల నా కింద ఇద్దరు లోకల్ ట్రైనీలను ఏసిండ్రు. వాళ్ళకు ఎట్ల నేర్పాలె?" అని లావణ్య అడిగింది.

గదా అడుగుతున్నవు? ఆగు, ఈ చాయ్ తాగనియ్యి. మీ కరామా బస్తీల పాలు మంచిగనే దొరుకుతయి గని నువ్వు అల్లం తక్కువేసినవు బిడ్డా. ఏమనుకోకు.

నేర్పుడంటే నాకు తెల్సింది ఒక్కటే ముచ్చట. నేను గ్యాస్ ప్లాంటుల చేసిన గదా, అబుదాబి అవతల, సముద్రం ఒడ్డుకు. మస్తు దేశాలల్ల ఉన్న కంపెనీ, పేరెందుకులె. అండ్ల ఏ దేశపోడు ఏ కుర్సీల కూసోవాల్నో ముందే రాసిపెట్టినట్టుండె. మీద తెల్లోళ్ళు, వాళ్ళ కింద మలబారీ సూపర్‌వైజర్లు, మీటర్లు సూసేది ఫిలిప్పినోలు, బరువులెత్తేది పఠాన్లు. మనోళ్ళేమో పైపులు, బోల్టులు. నేను హెల్పర్‌గ పోయిన, ఫిట్టరైన, ఆఖరికి వర్క్‌షాపుకు ఉస్తాద్‌నైన. పోయిన కొత్తల ఖుబ్బూస్ కట్ట దిర్హమే, నాలుగు రొట్టెలతోని దినం ఎల్లేది. మీ బాపు అప్పుడు జగిత్యాలల ఐటీఐ చదువుతుండె... కాదు కాదు, ఐటీఐ చదివింది మీ చిన్నబాపు. మీ బాపు అప్పటికే చదువు ఇడిసిపెట్టిండు.

ఇగ, రెండువేల పదమూడో పద్నాలుగో సంవత్సరం అనుకుంట, లోకల్ పిల్లలకు పని నేర్పాలని కంపెనీ అప్రెంటిస్‌లను తీస్కుంది. నాకొక ఆడపిల్లను ఇచ్చిండ్రు. మర్యం అని పేరు. ఇరవయ్యేండ్లుంటయేమో. నల్లగుడ్డ తలకు సుట్టుకొని దాని మీద హెల్మెట్ పెట్టుకొని వస్తుండె. హిందీ నాకంటె మంచిగ మాట్లాడేది. "పరీక్ష తప్పితే సప్పుడు చెయ్యకుంట ఆఫీసుల కూసో" అన్నడట వాళ్ళ బాపు. ఆమెకేమో మిషన్లంటే పానం.

వాళ్ళకొక బుక్కుండేది. దాంట్ల పనులన్ని రాసుంటయి. ఒక్కో పని ట్రైనీ సొంతంగ చెయ్యాలె, చేసినంక ఉస్తాద్ సంతకం పెట్టాలె. నేనేం చేసిన? పొద్దుగాల ఆమె రాంగనే కుర్సీ తుడిచి "బైఠియే మేడం" అనేటోన్ని. పైపు జాయింటు నేనే ఇప్పేటోన్ని, నేనే బిగిచ్చేటోన్ని, ఆమె సూసుకుంట కూసునేది. సంతకం మాత్రం పని ఆమె చేసినట్టు పెట్టేటోన్ని. నేనొక్కన్నే కాదు, మనోళ్ళందరు గట్లనే. అరబ్బుల బిడ్డ చేతికి పానా ఇచ్చి గ్రీజు అంటిస్తే మర్యాద గాదని. ఆమె చెయ్యి చాపితే "నై నై మేడం, మై కర్తా" అనుడే.

నాలుగు నెలలైనంక ఒకరోజు బుక్కు తెచ్చి నా ముంగట పెట్టింది. నా సంతకాలన్నిటి మీద గీత కొట్టి ఉంది. అన్నిటి మీద. "చాచా, యే సబ్ ఝూట్ హై" అన్నది. "వచ్చే నెల పరీక్ష. ఆడ మీరుండరు, నా చేతులే ఉంటయి. తప్పిననుకో, మా బాపు మాటే నెగ్గుతది" అన్నది. ఇగ మెల్లగ అడిగింది, "నాకు పని వస్తదని మీకు భయమా?" అని.

నవ్విన. నై మేడం అన్న. గని క్యాంపుకు పోయే బస్సుల కూసున్నంక ఆమె మాట నన్ను ఇడిసిపెట్టలే. ఎందుకంటవా, మా స్టోర్ల ఒక మలబారాయన ఉండె, లోకల్ పిల్లగానికి తనకొచ్చిందంత నేర్పిండు, ఆర్నెల్లకు ఆయన్నే ఖలాస్ చేసి ఇంటికి పంపిండ్రు. గది నా కండ్లల్లనే ఉండె. మా శీను, మీ అన్న, అప్పుడు బీటెక్ల ఉన్నడు, నా వీసా పోతే వాని చదువు పాయె. మర్యాద అని పేరు పెట్టుకున్న గని, బిడ్డా, అది భయమే. నా భయానికి ఆ పిల్ల చదువును ఆగం చేస్తున్న. మస్తు సిగ్గైంది.

తెల్లారి పానా ఆమె చేతిల పెట్టిన. ఆమె బోల్టులను ఒకదాని పక్కనొకటి వరుసగ బిగిచ్చుకుంట పోయింది. అది తప్పు. ఒకటి కొంచెం బిగిస్తే దాని ఎదురుగున్నది కొంచెం బిగియ్యాలె, కారు టైరు నట్లు బిగిచ్చినట్టు. నాకు నోటిదాకొచ్చింది, చెయ్యి సుత ముందట్కి పోయింది. రెండు చేతులు ఎనక్కి కట్టుకొని నిలవడ్డ. కారుతదా అని సూసెతందుకు నీళ్ళ ప్రెషర్ పెట్టంగనే జాయింట్లకెల్లి చిమ్మి ఇద్దరం తడిసి ముద్దైనం. పఠాన్లు పక్కకు తిరిగి నవ్విండ్రు. ఇగ ఫిర్యాదు చేస్తది, నా పనైపోయింది అనుకున్న. ఆమె మొకం తుడుసుకొని "ఫిర్ సే" అన్నది.

నెల రోజులు గంతే. అరచేతులు బొబ్బలెక్కినయి. కొట్టేసిన పనులన్ని మళ్ళ చేపిచ్చిన. పరీక్షల ఆమె బిగిచ్చిన జాయింటుకు ఒక్క సుక్క కారలే.

"మరి నీ నౌకరి?" అన్నది లావణ్య.

పోయింది. రెండేండ్లకు. నా కుర్సీ ఆమెకే ఇచ్చిండ్రు. శీను చదువు అప్పటికి ఒడ్డున పడ్డది, గదొక్కటి దేవుడు సూసిండు. కోపం రాలేదంటే అబద్ధమైతది, మూడు దినాలు ఆమెతోని సక్కగ మాట్లాడలే. ఆఖరి రోజు ఆమెనే వచ్చి ఏడ్సింది. మీ జాగ నేను గుంజుకున్న చాచా అన్నది. "నువ్వు గుంజుకోలే, నేనే ఇచ్చిన. రో మత్ బేటీ" అన్న. అన్నేండ్లల్ల నేను మేడం అనకుంట బేటీ అన్నది గదే మొదటిసారి.

అందుకే చెప్తున్న లావణ్యా, వాళ్ళను కూసోపెట్టి పని నువ్వే చేసిపెట్టకు. చెడగొట్టనియ్యి, మళ్ళ చెయ్యనియ్యి. ఒకనాడు నీకంటె మంచిగ చేస్తరు. గానాడు నీకు కడుపుల కలుక్కుమంటది. అననియ్యి... నువ్వు మంచిగ నేర్పినవని గప్పుడే తెలుస్తది. సల్లగుండు బిడ్డా.