ఎడమ కంటి నీళ్లు

అక్కయ్యా, బజారు మిత్రులారా, బావ సంతాప సభకని కొట్లు కట్టేసి ఇంతమంది వచ్చారు. నేను ఆగిపోయిన గడియారాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి. మా స్టూడియో బావ విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయాను.

మీలో బావ ముందు కూర్చుని ఫోటో దిగనివారెవరు? ‘పళ్లు అద్దెకు తెచ్చుకున్నావా, చూపించవేం?’ అని నవ్వించి మరీ తీసేవాడు. అలాంటి మనిషి ఒక పొద్దున పుక్కిలిస్తే నీళ్లు మూతి పక్కనుంచి కారిపోయాయి. అంతకుముందే చెవిలో పొక్కులు, ఒకటే పోటు. చలిగాలి అనుకుని కాపడం పెట్టుకున్నాడు. వైరస్ ఎడమ వైపు ముఖం నరాన్ని పట్టిందనీ, మందులు మొదలుపెట్టడం ఆలస్యమైందనీ డాక్టరు అన్నాడు.

కెమెరాలో చూసేటప్పుడు బావ మూసే కన్ను ఎడమది. ఆ జబ్బుతో అదే మూతపడటం మానేసింది! చుక్కల మందు వేసుకుని, రెప్పకు టేపు అంటించుకుని ఫోటోలు తీశాడు. ‘కళ్లు మూయొద్దని లోకాన్నంతా తిట్టాను, చివరికి నా మాట విన్నది నా కన్నొక్కటే’ అనేవాడు.

కస్టమర్లు తల దువ్వుకునే అద్దం ముందే కూర్చుని కనుబొమ్మ ఎత్తేవాడు, బుగ్గ పూరించేవాడు. పక్కన అక్కయ్య. నెలలు గడిచాక పెదవి చివర కదిలింది. నవ్వు వచ్చింది! ఆ రోజు బజారంతటికీ టీ ఇప్పించాడు, గుర్తుందా?

కానీ నరం తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పిందట. ముద్ద నమిలితే చాలు, ఎడమ కంట నీళ్లు. మధ్యాహ్నం అందరం కలిసి తినేటప్పుడు నేను ఎడమ పక్కన కూర్చుని రుమాలు అందించేవాణ్ణి. ‘మీ అక్కయ్య వంట మహిమరా’ అనేవాడు. నవ్వేవాళ్లం. అలవాటైపోయింది.

పోయిన నెల డాక్టరు బావకు చెప్పాడట, కడుపులో గడ్డ ఉందని, చేయి దాటిపోయిందని. ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కూడా మనతోనే తిన్నాడు. కన్నీళ్లు కారాయి, రుమాలు ఇచ్చాను. అదే జోకు వేశాడు, అలాగే నవ్వాం.

మన టైలరన్న ఎప్పుడూ బావకు కుడి పక్కన కూర్చునేవాడు. నిన్న నాతో అన్నాడు, ఆ రోజు కుడి కన్ను కూడా తడిసిందని. కూర ఘాటేమో అనుకున్నాడట.

టైలరన్నా, నువ్వు తల దించుకోకు. తెలిసుంటే మాత్రం ఏం చేసేవాళ్లం? ఏమీ చేయలేం. పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లం, అంతే కదా? ఆ మాత్రం కూడా మనకు దక్కనివ్వలేదు.

ఇప్పుడైనా ఆ పని చేద్దాం. అందరం లేచి నిలబడదాం. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. ఎవరికీ రుమాలు అందించొద్దు.