చదవకుండా నొక్కిన ‘సరే’

తాను ఉద్యోగం మాన్పించిన పెద్దావిడ గుమ్మంలో మందుల గోదాము మేనేజరు తల దించుకుని నిలబడ్డాడు.

“ఇప్పుడు నా బదులు లారీలను సాఫ్ట్‌వేర్ ఏజెంటే పంపుతోందటగా, బాబూ?”

“అవునక్కా. నిన్న ఉన్నట్టుండి వంతెన మూసేశారు. ఏజెంటు టీకాల లారీని చుట్టుదారి పట్టించింది. ఐసు కరిగి టీకాలన్నీ పాడైపోయాయి. ఆసుపత్రిలో పసిపిల్లల తల్లులు సాయంత్రందాకా ఎదురుచూసి వెళ్లిపోయారట.”

“నిన్ను అడక్కుండానే పంపిందా?”

“అడిగింది. ‘ఐసు అంతసేపు ఆగకపోవచ్చు, పంపమంటారా?’ అని. రోజుకు వందసార్లు ఇలాగే అడుగుతుందని చదవకుండానే సరే నొక్కేశాను.”

“నేనడిగినా అంతేగా? ‘నా ప్రాణం తోడెయ్యకు’ అనేవాడివి.”

“తప్పైపోయిందక్కా. మళ్లీ పనిలోకి రండి.”

“ఆ తప్పైపోయిందన్న మాట తల్లులకు చెప్పావా?”

అతను వెనుదిరిగి ఆసుపత్రి వైపు నడిచాడు.