కొండవీటి కోశాధికారి వారసుడు

చెప్పులు అక్కడ విడిచి లోపలికి రండి ఆచారి గారూ. కొట్టు తాళం చూసి వెనక్కి పోబోయారు కదూ? అందరూ అట్లాగే పోతున్నారు. బజారులో ఇన్ని కిరాణా కొట్లున్నాయా, పట్టపగలు తాళమేసింది మాదొక్కటే.

లేదండీ, మా ఆయన ఒంట్లో బాగానే ఉంది. లోపల కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. దుర్గి నుంచి ఇంత దూరం వచ్చారు, సంగతేందో మీకూ తెలియాలి.

మా కోడలు సాయిసుధ నరసరావుపేటలో బీఎడ్ చదువుతోంది. వాళ్ళ మేడం ఏదో పని ఇచ్చిందంట. ఇంటర్నెట్‌లో మనకు నచ్చిన లింకులు దాచుకునే సైటంట అది. మనం దాచుకుంది అందరికీ కనపడుద్ది. అది దేని గురించో తెలిసేట్టు ట్యాగ్ అని ఒక చిన్న మాట తగిలించాలి. ఎంతమంది దాచుకున్నారో పక్కనే అంకె పడుద్ది. ఆ తర్వాత అది నమ్మొచ్చా లేదా తేల్చాలి, ఎవరు రాశారు, ఎక్కడ చూసి రాశారు అని. ఒక్కతే చేస్తే ఏం బాగుంటుందని మామగారి ఫోనులోనూ పెట్టింది పిచ్చిపిల్ల.

ఈయన ఏం చేశాడు? మా ఇంటిపేరు కొట్టి వెతికాడు. ఒక పేజీ దొరకనే దొరికింది. కొండవీటి రాజుల ఖజానా చూసుకున్న ముత్తయ్యశెట్టిది మా ఇంటిపేరేనంట. ఆయన వారసులు ఇప్పుడు ఇక్కడే, మా సత్తెనపల్లిలోనే వ్యాపారం చేస్తున్నారంట.

అంతే. మర్నాడు ఎవరో అరకిలో చింతపండు అడిగితే, ఖజానా చూసిన వంశం చింతపండు తూచుద్దా అని లేచి ఇంటికొచ్చేశాడు.

ఆ పేజీని దాచుకుని 'నిజం' అని ట్యాగ్ పెట్టాడు. అంకె ఒకటే ఉందని మనసు ఊరుకోలేదు. వర్తక సంఘంలో ఒక్కొక్కడి ఫోనూ లాక్కుని అందులో ఆ పేజీని తనే దాచిపెట్టాడు. వాళ్ళలో సగం మందికి ఏం దాచుకున్నారో ఈ రోజుకీ తెలీదు. కోడలు దాని పక్కన 'అనుమానం' అని పెడితే, ఇంతమంది దాచుకుంది అబద్ధమా అని ఆ పిల్లతో మాట్లాడటమే మానేశాడు.

అదీ మొండిదే. ఆదివారం కూర్చుని ఆ పేజీ ఎక్కణ్ణుంచి వచ్చిందో లాగింది. దాన్ని ఇంకో పేజీలో చూసి రాశారు. అది మరో పేజీలోది. అట్లా పోయి పోయి చివరికి ఎప్పటిదో ఒక పేపరు వార్త దగ్గర ఆగింది. కొండవీడులో వర్తక సంఘం వాళ్ళ వనభోజనాలు. 'ఈ విషయాన్ని స్థానిక వ్యాపారి ఒకరు సభలో తెలిపారు' అని ఉంది. కింద ఫొటో. మైకు పట్టుకుని మా ఆయన.

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఉన్నట్టుండి మైకు చేతికిచ్చారు. ఏం మాట్లాడాలో తోచక నోటికొచ్చింది చెప్పి దిగొచ్చాడు. అన్నాలు తిని వచ్చేశాం. ఇంటికొచ్చేసరికి ఆయనే మర్చిపోయాడు.

కోడలు ఫోను ఆయన ముందు పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని ఆ ఫొటో చానాసేపు చూశాడు. సిగ్గుపడతాడు, రేపు కొట్టు తీస్తాడు అనుకున్నాం ఇద్దరం.

నెమ్మదిగా తలెత్తి, "చూశావా అమ్మా, చెప్పింది నేనే. ఇంకా అనుమానమేంది? నేను అబద్ధమాడే మనిషినా?" అన్నాడు.

పాపం అది ఫోను తీసుకుని లోపలికి పోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధమాడాడని ఎవరూ అనలేదు మరి. అదే సాయంత్రం మీకు ఫోన్ చేసి, మా వాకిట్లో పెట్టడానికి ముత్తయ్యశెట్టి విగ్రహం కావాలన్నాడు.

ఏందండీ? ముఖం ఎట్లా ఉండాలా? బొమ్మ లేదు, పటం లేదు. అసలు మనిషే లేడు కదా.

ఈయన ముఖమే చెక్కండి. వచ్చినోళ్ళంతా పోలిక ఎంత బాగా కుదిరిందో అంటారు. ఎవడో ఫొటో తీసి దాచుకుంటాడు. రేపటికి అదీ రుజువైపోద్ది. నాదేం పోయింది? మీసం మాత్రం కాస్త తగ్గించండి. పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు చూడాల్సింది నేనే.