మెర్వ్ కురిపించిన వానలు

శనివారం ఆట ముగిశాక, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడుకునే మా బౌల్స్ క్లబ్బు వరండాలో బీరు గ్లాసు పట్టుకుని కూర్చున్న మెర్వ్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు. పడీపడీ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

"మొదట నేను కురిపించింది చిన్న జల్లే, అబద్ధమెందుకు? కరువు మూడో ఏడు. విమానం రెక్కలకి, మబ్బుల్ని కురిపించే వెండి కలిపిన మందు గొట్టాలు కట్టుకుని లేచా. బక్కచిక్కిన మబ్బొకటి కనిపిస్తే దాని కడుపులో ఒక్క గొట్టం వెలిగించానంతే, ఇదిగో ఈ కీత్ గోధుమ చేలో వాన. కంచె అవతల చుక్క లేదు. ఎందుకనుకున్నారు? అవతలివాడు నా నిచ్చెన తీసుకెళ్ళి తిరిగివ్వలేదు."

"నా చేలోనూ పడలేదే," అన్నాడు కీత్.

"నువ్వప్పుడు ఊళ్ళో లేవులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బులకే కరువొచ్చింది. మా కుక్క డాట్‌ని రెక్క మీద కూర్చోబెట్టుకుని సముద్రం దాకా పోయా. గొర్రెల్ని మళ్ళించే కుక్క, దానికి మబ్బులైతేనేం? మొరిగి మొరిగి నాలుగొందల మబ్బుల్ని కొండలు దాటించి తోలుకొచ్చింది. ఒకటి తప్పిపోబోతే మడమ కొరికి మరీ తెచ్చింది."

"మబ్బుకి మడమెక్కడిదయ్యా?"

"అది కొరికాకే నాకూ తెలిసింది. ఇంక ఎవరికెంత కావాలంటే అంత. బార్లీకి సన్నజల్లు, డ్యాముకి కుంభవృష్టి. నడివేసవిలో వచ్చే మన క్రిస్మస్ ఎండకి తాళలేక మా ఆవిడ అడిగితే వంటింటి కిటికీ ముందు మాత్రం మంచు కురిపించా. మా వాన దొంగిలించాడని పక్క రాష్ట్రం వాళ్ళు కేసు పెడితే, జడ్జిగారి పూలమొక్కలు తడిపా, కేసు పోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ లోయలో పడిన ప్రతి చినుకూ నా చేతి మీదుగా పడిందే."

ఖాళీ గ్లాసులు తీస్తున్న నోలీన్ ఆగింది. ఆమె భర్త రెక్స్ పదకొండేళ్ళ కిందట వాన వరదలో గొర్రెల్ని గట్టెక్కించబోయి వాగులో కొట్టుకుపోయాడు.

"రెక్స్‌ని తీసుకుపోయిన వాన కూడా నీదేనా మెర్వ్?"

మెర్వ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనెప్పుడూ విమానం ఎక్కలేదు నోలీన్. వాగులో కొలబద్ద చూసి, నీళ్ళెంతున్నాయో మబ్బులకి మందు వేసే విమానం వాళ్ళకి ఫోన్లో చెప్పడమే నా పని. ఎర్రగీత దాటితే వరదొస్తుందని విమానం లేవకూడదు. రెక్స్ పోయిన ఆ పొద్దున బద్ధకించి, చూడకుండానే గీతకి కిందున్న ముందురోజు అంకె చెప్పా. విమానం లేచింది. మందు వెయ్యకపోయినా ఆ వాన పడేదేనన్నారు చదువుకున్నవాళ్ళు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. నాకు తెలీదు, తెలుసుకునే దారీ లేదు."

"మరి ఇన్నేళ్ళూ ఈ కోతలేమిటి?" అంది నోలీన్.

"అన్ని వానలూ నావేనంటే, ఆ ఒక్కటీ వాటిల్లో కలిసిపోతుందనుకున్నా."

"కలవలేదు." నోలీన్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "ఆ పొద్దున సంగతి మొదట్నుంచీ చెప్పు. ఉన్నదున్నట్టు."