సున్నప్పట్టీ తుమ్మచెట్టు

నమ్మనివాళ్లుంటే టీ గ్లాసు అక్కడ పెట్టి ఇప్పుడే లేచిపోండి. ఈ లాజరు నోట అబద్ధం వచ్చిందని భవానీపురం మొత్తమ్మీద ఒక్కడిచేత అనిపించండి చూద్దాం! ఒరే జయపాలూ, నువ్వు మాత్రం కదలకు. రేపు కాలవకట్ట మీద చెట్లు కొట్టడానికి వెళ్లేది నువ్వేగా. సున్నప్పట్టీ వేసిన చెట్టు కూడా పట్టుకురమ్మన్నాడా మన మిల్లు ఓనరు?

“అవును తాతా. లారీ నిండటం లేదంట.”

నాకూ ఇదే చెప్పాడు, ఆరేళ్ల కిందట. చల్లపల్లి అవతల కాలవకట్ట. పది తుమ్మలు కొడితే ఒకటి విత్తనానికి వదిలేసి, దాని మొదలు చుట్టూ సున్నం పూయడం మా కోతమిల్లు కట్టుబాటు. దాని కాయలు రాలితేనే కట్టమీద మళ్లీ మొక్కలు, దాని వేళ్లుంటేనే కట్టకి బలం. నేను రంపం కింద పడేసి “ముందు నన్ను కొయ్యండి ఓనరుగారూ” అన్నాను. ఆయన ఏడుగురు కూలీల్ని తోలాడు. ఒక్క చూపు చూశానంతే, ఏడు రంపాల పళ్లూ జలజలా రాలిపోయాయి!

“మీ పళ్లు కూడా ఆ రోజే పోయాయా అండీ?” అన్నాడు ఆటో మార్కండేయులు.

నవ్వు నాయనా, నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కార్తీకంలో తుఫాను. కాలవ కట్టని ఒరుసుకుంటూ వస్తోంది, చెట్టు ఒరిగింది, నేను వీపు ఆనించాను. ఒక రోజా, రెండ్రోజులా? తొమ్మిది రోజులు! నీళ్లు గడ్డం దాకా వచ్చాయి, చేపలు వాటంతటవే నోట్లోకి దూకేవి, ముళ్లు ఊసేవాణ్ణి. కాళ్లకి వేళ్లు దిగాయి. నెత్తిమీద కొంగ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని వెంటేసుకుని ఎగిరిపోయింది. కట్ట పెచ్చు ఊడలేదు, పన్నెండు ఊళ్లు బతికాయి. ఆ చెట్టు ఈ రోజుకీ నిలబడే ఉంది!

“లాజరన్నా.” టీ వడపోస్తున్న అమలమ్మ. ఈ కొట్టు పెట్టి ఐదేళ్లు, ఎన్నడూ నా మాటకి అడ్డు రాలేదు. “ఒకసారి లేచి నుంచో.”

“ఎందుకమ్మా?”

“దానిమీదే కూచున్నావు. కొట్టు పెట్టినప్పుడు మిల్లు నుంచి ఈ బద్ద మోసుకొచ్చి బల్ల చేసింది నువ్వే. బెరడు కిందికి తిప్పి వేశావు. ఊడ్చేటప్పుడు రోజూ చూస్తూనే ఉన్నాను.”

జయపాలు బల్ల తిరగేశాడు. ఒక చివర, బెరడు మీద జానెడు మేర సున్నం.

“తుఫానుకి నెల ముందే కొట్టేశావు,” అంది అమలమ్మ, గొంతు పెంచకుండానే. “ఆ చోటే గండి పడి మా ఊరు మునిగింది. దూడని విప్పబోయి మా ఆయన అందులోనే పోయాడు.”

స్టవ్వు మీద పాలు పొంగుతున్నా ఎవరూ దించలేదు.

“నువ్వే కొట్టావా తాతా?”

నేనే. నేనొక్కణ్ణే. చిన్న చెట్టు, గంట కూడా పట్టలేదు. రంపానికి ఒక్క పన్నూ ఊడలేదు.

ఒరే జయపాలూ, రేపు సున్నం ఉన్నదాని జోలికి పోకు. ఎందుకని ఓనరు అడిగితే లాజరు చెప్పాడనకు, నవ్వుతాడు. సాక్షి ఉన్నాడని చెప్పు. ఈ అమలమ్మ మొగుడు. పేరు బాలశౌరి.