నెరిసిన జుట్టుకో పాతమాట

హలో… ఆఁ, అమ్మనే. క్లాసులో ఉన్నావా ప్రణవీ?… హమ్మయ్య.

లేదే, ఇంకా లోపలికెళ్లలేదు. ఆష్‌బర్న్‌లోనే… ఆ డేటా సెంటర్ ముందు, పార్కింగ్‌లో. ఇంటర్వ్యూకి ఇంకా పావుగంట ఉంది.

ఏడవట్లేదు… కార్‌లో ఏసీకి జలుబు చేసింది, అంతే.

విగ్గు పెట్టుకున్నానే.

అవును, విగ్గే… నవ్వకు! రంగు వేస్తే తలంతా బొబ్బలొచ్చాయిగా. డాక్టరు ఇక రంగు ముట్టుకోవద్దంది. చూస్తుండగానే సగం తెల్లబడిపోయింది. "ఎందుకు రాగిణీ రిస్కు, విగ్గు కొనుక్కో" అని మీ నాన్నే…

నీకు తెలీదు. మొన్న వేరే కంపెనీ ఇంటర్వ్యూలో ఆ కుర్రాడు వీడియోలో నా తలకేసే చూశాడు. "మా టీమ్ చాలా ఫాస్ట్, మీకు ఓకేనా" అన్నాడు. నన్ను! సర్వర్లు పడిపోతే అందరూ పరిగెత్తుకుని నా దగ్గరికే వచ్చేవారు. లేఆఫ్ అయినప్పట్నుంచీ… సరే, వదిలెయ్.

దురద పెడుతోంది. అద్దంలో చూసుకుంటే ఎవరో టీవీ సీరియల్ అత్తగారు కూర్చున్నట్టుంది.

అందుకే నీకు చేశాను. నువ్వు చదివే ఆ వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో… నెరిసిన జుట్టుకి ఏదో మాట చెప్పావే. నేను వంటలో పడి సరిగ్గా వినలేదు.

బ్లోండెన్… మళ్లీ చెప్పు… ఫెయాక్స్. అంటే జుట్టా? మరి మొదటి ముక్క?… కలగలిసినదనా?

అచ్చం నాదే! ఎవర్నంటారలా?… యుద్ధాలు చేసి చేసి నెరిసినవాళ్లనా. మగవాళ్లనేగా. ఆడవాళ్లకేం లేదా?

ఒకావిడనన్నారా… వేరే మాటా? ఫ్రోడ్. అంటే ముసలిదనా?… తెలివైనదనా? ఏదో ఒకటి తేల్చి చెప్పు.

రెండూనా? ఒకే మాటలో?

ఇంకోసారి చెప్పు ఆ మాట… ఫ్రోడ్.

మరి వాళ్లెవరూ ముసలితనం వచ్చిందని ఏడవలేదా?… ఏడ్చారా. చలేస్తోందనీ, తోడు ఎవరూ మిగల్లేదనీ… ఊఁ. మంచిపని చేశావ్, నా కోసం దాచకుండా చెప్పావు.

ఆగు, స్పీకర్లో పెడుతున్నా… పిన్నులు తీస్తున్నానే. ఉద్యోగం రాకపోతే? రాకపోతే జుట్టు చూసే ఇవ్వలేదనుకుని కుమిలిపోతాను, నిజమే… కానీ విగ్గుతో వస్తే? రోజూ విగ్గుతోనే వెళ్లాలి. రిటైరయ్యేదాకా!

తీసేశాను. అబ్బ… ప్రాణం లేచొచ్చింది.

పిచ్చుకగూడులా ఉంది. దువ్వెన… ఆఁ, బ్యాగులో ఉంది. నువ్వేదో ఒకటి మాట్లాడుతూ ఉండు… లేదు, మాట్లాడకు. కట్ మాత్రం చెయ్యకు.

దిగాను. తలుపు దాకా నడుస్తున్నా.

ఎవరో ఒకమ్మాయి బయటికొచ్చింది. మెడలో బ్యాడ్జి… నా కోసమే అనుకుంటా. నాకేసి చూసింది… మళ్లీ అటు చూస్తోంది, కార్లవైపు. పాపం, వాళ్ల దగ్గరున్న పాత ఫొటోలో నాకు నల్లజుట్టు కదే.

పెట్టేస్తున్నా ప్రణవీ… ఆఁ, చెప్తాలే, అయ్యాక చెప్తా—

హలో! ఎక్స్‌క్యూజ్ మీ… రాగిణి. యెస్… యు ఆర్ లుకింగ్ ఫర్ మీ.